చెస్ట్‌నట్ అన్న పేరున్నవన్నీ తినేవి కావు

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టుగా చెప్పుకుంటాను. ఇంగ్లండ్‌లో మీ ఇంటి దగ్గరి పార్కులో మీ ఐదేళ్ల అబ్బాయి సంచి నిండా చెస్ట్‌నట్లు ఏరుకొచ్చి, అందులో ఒకటి కొరికి, చేదుగా ఉందని ఉమ్మేశాడు. వాటిని కుక్కర్‌లో నాలుగు విజిల్స్ వచ్చేదాకా ఉడికిస్తే తినవచ్చా అని మీరు అడుగుతున్నారు. మధుమేహం ఉన్న పెద్దవారికి చెస్ట్‌నట్ మంచిదేనా అన్నది మీవారి సందేహం. ఇండియన్ దుకాణంలో వాటర్ చెస్ట్‌నట్ అని రాసి అమ్మే ఉపవాసపు పిండి కూడా ఈ గింజలదేనా అన్నది మీ అత్తగారి సందేహం. మూడింటికీ జవాబు చెబుతాను కానీ, మొదటిది ఆలస్యం చేయకూడనిది కనుక దానితోనే మొదలుపెడతాను.

మీరు ఏరుకొచ్చినవి తినకూడదు. ఉడికించినా, వేయించినా, ఓవెన్‌లో పెట్టినా తినకూడదు. గింజ గుండ్రంగా, నున్నగా, మొన లేకుండా ఉందని, పచ్చటి డొప్పకు పొట్టి ముళ్లు అక్కడక్కడ మాత్రమే ఉన్నాయని, చెట్టు ఆకు అరచేయి చాచినట్టుందని మీరు రాశారు. ఆ మూడు గుర్తులూ కలిస్తే అది హార్స్ చెస్ట్‌నట్ తప్ప వేరొకటి కాదు. ఇక్కడి పిల్లలు దాన్నే కాంకర్ అంటారు.

కొరికి ఉమ్మేసిన పిల్లవాడికి నోటి చేదు తప్ప మరేమీ కాకపోవడమే సాధారణం. నోరు నీళ్లతో కడిగించి, కొద్దిగా నీళ్లు తాగించి, ఆ రోజంతా కనిపెట్టి ఉండండి. ఒకవేళ ముక్క మింగి ఉంటే బలవంతంగా వాంతి చేయించవద్దు. ఇంగ్లండ్‌లో వైద్య సలహా నంబరైన 111కు ఫోన్ చేసి, ఎంత మింగాడో, ఎప్పుడు మింగాడో చెప్పండి. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు ముందుగా వస్తాయి. ఎక్కువగా తిన్నవారిలో కండరాలు అదరడం, నడక తూలడం, మత్తుగా ఉండడం కూడా ఉంటాయి. అటువంటివి కనిపిస్తే అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలి. ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే ఒక గింజను, వీలైతే ఒక ఆకును కూడా వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే చెస్ట్‌నట్ తిన్నాడు అన్న ఒక్క మాట వల్ల ఎదుటివారికి ఏమీ తెలియదు.

నేను ఇరవై ఆరేళ్లు ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం పాఠం చెప్పి, పదవీ విరమణ తర్వాత ఏటా ఆకురాలు కాలంలో ఇంగ్లండ్‌లోని మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలు గడుపుతున్నాను. మొదటి ఏడాది నేనే ఈ గింజల్ని చేతిలోకి తీసుకుని, ఇంత అందమైన గింజ ఇన్ని వేలు నేల మీద పడి ఉంటే ఎవరూ ఏరుకోరేమిటా అని ఆశ్చర్యపోయాను. అప్పుడే పగిలిన డొప్పలోంచి బయటపడిన కాంకర్‌ను చూస్తే, నూనె రాసి తుడిచిన పాతకాలపు టేకు కుర్చీ చెయ్యిలాగా మెరుస్తూ ఉంటుంది, దాని అడుగున బొట్టు పెట్టినట్టు ఒక పాలిపోయిన పెద్ద మచ్చ ఉంటుంది. రెండు రోజులకు ఆ మెరుపు పోతుంది.

తినకూడదని చెప్పి ఊరుకుంటే మీ అత్తగారు ఒప్పుకోరని నాకు తెలుసు కనుక కారణం చెబుతాను. ఆమెకు ఈ కారణం మనందరికంటే బాగా అర్థమవుతుంది. హార్స్ చెస్ట్‌నట్ శాస్త్రీయ నామం ఈస్క్యులస్ హిప్పోకాస్టేనం. ఇది ఏ కుటుంబానికి చెందుతుందంటే మన కుంకుడు చెట్టు కుటుంబానికే, అంటే సాపిండేసీకి. కుంకుడు ప్రజాతి పేరైన సాపిండస్ అన్న మాటకు మూలం భారతదేశపు సబ్బు అన్న అర్థమున్న లాటిన్ మాటలే. కుంకుడులో నురగ తెచ్చే సాపోనిన్లు ఉన్నట్టే హార్స్ చెస్ట్‌నట్‌లోనూ ఉన్నాయి. వాటన్నింటినీ కలిపి ఈసిన్ అంటారు. దీనికి తోడు ఈస్క్యులిన్ అన్న మరొక చేదు పదార్థం కూడా గింజలోను, బెరడులోను, ఆకులోను ఉంటుంది. ఐరోపాలో ఈ గింజల్ని తురిమి నీళ్లలో నానబెట్టి బట్టలు ఉతికేవారు, ఇప్పటికీ కొందరు ఉతుకుతున్నారు. మీ అబ్బాయి తెచ్చిన వాటిలో రెండింటిని ముక్కలు చేసి ఒక సీసాలో వేసి, గోరువెచ్చని నీళ్లు పోసి ఊపి చూడండి. తలంటుకునే రోజు పెరట్లో కనిపించే నురగే అందులోనూ కనిపిస్తుంది.

కుక్కర్ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కుంకుడుకాయల్ని మనం మరిగించి రసం తీస్తాం. మరిగించినందువల్ల నురగ తగ్గదు సరికదా, పులుసు ఇంకా బాగా దిగుతుంది. ఈ గింజల సంగతీ అంతే. వేడికి ఈ పదార్థాలు విరిగిపోతాయని నమ్మి తినడానికి వీల్లేదు. అవి నీళ్లలో కరిగేవి కనుక నీళ్లతో కడిగేస్తేనే పోతాయి, అదీ ఒకటి రెండు సార్లు కడిగితే చాలదు. హిమాలయాల్లో పెరిగే మన దేశపు హార్స్ చెస్ట్‌నట్, ఈస్క్యులస్ ఇండికా, దీనికి మంచి ఉదాహరణ. కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో ఉండే ఈ చెట్టు గింజల్ని అక్కడివారు పొట్టు తీసి, ముక్కలు చేసి, పారే నీళ్లలో రోజుల తరబడి ఉంచి, చేదు పూర్తిగా పోయిన తర్వాత ఎండబెట్టి పిండి పట్టుకుని, కరవు రోజుల్లో రొట్టెలకు, హల్వాకు వాడుకున్నారు. జపాన్‌లో తోచి అని పిలిచే ఈస్క్యులస్ టర్బినేటాను కూడా నీళ్లలో నానబెట్టి, కట్టెల బూడిద కలిపిన నీళ్లలో ఉంచి, చేదు తీసి, బియ్యంతో కలిపి మోచీ అనే ముద్దలు చేస్తారు. ఇదంతా తరతరాలుగా చేతికి వచ్చిన పని. ఎన్ని రోజులు కడగాలో, ఏ రుచి దగ్గర ఆగాలో వాళ్లకు నాలుక చెబుతుంది. మన వంటగదిలో సింకు దగ్గర చేసి చూడవలసిన ప్రయోగం కాదు, అందులోనూ పిల్లలున్న ఇంట్లో అసలే కాదు.

మందుల దుకాణంలో హార్స్ చెస్ట్‌నట్ మాత్రలు చూశాం కదా, అవి మింగితే తప్పు లేనప్పుడు గింజ తింటే తప్పేమిటి అని మరొకరు ఇంతకుముందు నన్ను అడిగారు. కాళ్లలో ఉబ్బిన సిరల బాధకు ఐరోపాలో వాడే ఆ మాత్రల్లో ఉండేది శుద్ధి చేసి, ఈస్క్యులిన్ తొలగించి, ఈసిన్ మోతాదు లెక్కకట్టి పెట్టిన సారం. గింజలో మోతాదు ఎవరూ లెక్కకట్టి పెట్టలేదు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ మాత్రలను కూడా వైద్యుణ్ణి అడగకుండా మింగకూడదు.

ఇప్పుడు తినే చెస్ట్‌నట్ సంగతికి వస్తాను. అది కాస్టానియా ప్రజాతి. కుంకుడుతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది ఓక్, బీచ్ చెట్ల కుటుంబమైన ఫాగేసీకి చెందింది. రెండింటి మధ్య ఉన్నది గింజ రంగులో పోలిక మాత్రమే. ఆ పోలికను చూసి ఎవరో ఒక పేరు పెట్టారు, ఆ పేరు ఇప్పుడు పిల్లల్ని కొరికిస్తోంది. పేరులోని గుర్రం గురించి రకరకాల కథలున్నాయి. దగ్గు వచ్చిన గుర్రాలకు టర్కీవారు ఈ గింజలు పెట్టేవారని ఒక కథ, ఆకు రాలిన చోట కొమ్మ మీద గుర్రపు నాడా ఆకారంలో మచ్చ మిగులుతుంది కనుక ఆ పేరు వచ్చిందని మరొకటి. నాడా మచ్చ మాత్రం నిజమే, మీరూ చూడవచ్చు. నిజానికి గుర్రాలకు కూడా ఈ గింజ విషమే. మన భాషలో కూడా బాదంకాయ కాని దాన్ని గుర్రపు బాదం అంటాం కదా, అలాగే ఇక్కడ కూడా గుర్రం అన్న మాటను అసలుది కాదు అన్న హెచ్చరికగా తీసుకుంటే చాలు. ఫ్రెంచివారైతే దీన్ని ఇండియా చెస్ట్‌నట్ అని పిలుస్తారు, కానీ ఈ చెట్టు పుట్టినిల్లు బాల్కన్ కొండలు. 16వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ మీదుగా వియన్నాకు చేరి, అక్కడి నుంచి ఐరోపా తోటలన్నిటికీ పాకింది.

చెట్టు దగ్గర నిలబడి గుర్తుపట్టే పద్ధతి చెబుతాను. గింజను చివర చూడండి, ఆకును ముందు చూడండి. హార్స్ చెస్ట్‌నట్ ఆకు మన బూరుగు ఆకులాగా ఒకే కాడ చివర నుంచి ఐదు లేదా ఏడు రేకులు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. తినే చెస్ట్‌నట్, అంటే ఇక్కడివారు స్వీట్ చెస్ట్‌నట్ అనేది, ఒంటి ఆకు. జానెడు పొడవుండి, సన్నగా, అంచుల వెంట రంపపు పళ్లతో, నడుమ ఈనె నుంచి అంచులకు సమాంతరంగా ఈనెలు గీతలు గీసినట్టు ఉంటుంది. ఈ రెండు ఆకుల్ని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూపిస్తే ఐదేళ్ల పిల్లవాడు కూడా జన్మలో మరచిపోడు. ఆగస్టులోనే ఆకులన్నీ గోధుమరంగు మచ్చలతో మాడిపోయినట్టు కనిపిస్తే అది దాదాపుగా హార్స్ చెస్ట్‌నట్టే. ఆకు పొరల మధ్య సొరంగాలు తొలిచే చిన్న పురుగు ఒకటి 2002లో ఇంగ్లండ్‌కు చేరినప్పటి నుంచి ఈ చెట్లకు ఏటా ఆ గతి పడుతోంది. వేసవి మొదట్లో అయితే పూలు చెబుతాయి. మే నెలలో కొమ్మల చివర దీపస్తంభాల్లా నిలబడిన తెల్లటి పూలగుత్తులు హార్స్ చెస్ట్‌నట్‌వి. జూన్, జూలైలలో పసుపుపచ్చటి సన్నని కంకులు తోకల్లా విరబోసుకుంటే అవి స్వీట్ చెస్ట్‌నట్‌వి. ముదిరిన స్వీట్ చెస్ట్‌నట్ మానుకు బెరడు తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటుంది.

డొప్ప సంగతి. స్వీట్ చెస్ట్‌నట్ డొప్పను ఉత్త చేత్తో పట్టుకోవడం కుదరదు. సూదుల్లాంటి ముళ్లు లోపలి చర్మం కనపడనంత ఒత్తుగా ఉంటాయి; బూటు కాలితో నొక్కి, పక్కకు తిప్పి గింజను బయటికి తీస్తారు. లోపల సాధారణంగా రెండు మూడు గింజలు ఒకదానినొకటి ఒత్తుకుని పెరుగుతాయి కనుక ప్రతి గింజకూ ఒకవైపైనా చదునుగా ఉంటుంది. గింజ చివర కోసుగా ఉండి, ఆ మొన మీద ఎండిపోయిన చిన్న కుచ్చు ఉంటుంది. ఈ మొన, కుచ్చు నా దృష్టిలో గింజ మీద ఉండే అన్నిటికంటే నమ్మదగిన గుర్తు. కాంకర్‌కు అది ఎప్పుడూ ఉండదు. మూడేళ్ల క్రితం మా వీధిలో ఒకావిడ తాను ఏరిన చెస్ట్‌నట్లని ఒక కాగితపు సంచిలో మాకు ఇచ్చారు. వాటిని బల్ల మీద పోసి వేళ్లతో మొన తడుముతూ వేరు చేస్తే, యాభై అరవై గింజల్లో మూడు మొన లేనివి తగిలాయి. ఆవిడకు చెట్లు బాగా తెలుసు. కానీ రెండు చెట్లూ పక్కపక్కనే ఉన్న చోట వంగి వంగి ఏరుతుంటే ఎవరి చెయ్యైనా పొరపాటు పడుతుంది. అందుకని ఎవరు ఇచ్చినా, ఎంత తెలిసినవారు ఇచ్చినా, పొయ్యి మీద పెట్టే ముందు ప్రతి గింజ మొనా తడిమి చూడడం నాకు అలవాటైంది.

ఉడతలు తింటున్నాయి కదా, లేళ్లు తింటున్నాయి కదా అన్న తర్కాన్ని మాత్రం నమ్మవద్దు. పార్కుల్లో లేళ్లు కాంకర్లను తింటాయి. వాటి పొట్ట వేరు, మన పొట్ట వేరు. అదే గింజ తిని కుక్కలు జబ్బు పడతాయి. ఇంట్లో కుక్క ఉంటే కాంకర్లను దానికి అందకుండా ఉంచాలి, మింగిందని అనుమానం వస్తే వెంటనే పశువైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే విషం ఒక ఎత్తు, ఆ గింజ పేగులో అడ్డం పడడం మరొక ఎత్తు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ గుర్తుల విషయంలో ఒక సవరణ అవసరం. అక్కడ ఈస్క్యులస్ బంధువుల్ని బకాయ్ అంటారు. ఒహాయో రాష్ట్రానికి ఆ పేరే ముద్దుపేరు. ఎర్ర బకాయ్, పసుపు బకాయ్‌ల డొప్పకు ముళ్లే ఉండవు, తోలులా నున్నగా ఉంటుంది. కనుక పొట్టి ముళ్లుంటేనే విషపుది అని అక్కడ నేర్చుకోకూడదు. విసనకర్ర ఆకు, మొన లేని గింజ అన్న గుర్తులు మాత్రం అక్కడా చెల్లుతాయి. బకాయ్‌లు కూడా తినేవి కావు. ఇక అక్కడి తినే చెస్ట్‌నట్ కథ విషాదకరమైనది. అమెరికన్ చెస్ట్‌నట్, కాస్టానియా డెంటేటా, ఒకప్పుడు తూర్పు అడవుల్ని నింపిన చెట్టు. ఆసియా నుంచి వచ్చిన ఒక బూజు తెగులును 1904లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాలలోని చెట్ల మీద గుర్తించారు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లలో వందల కోట్ల చెట్లు చచ్చిపోయాయి. వేళ్ల నుంచి ఇప్పటికీ పిలకలు వస్తాయి, కాస్త పెరగగానే మళ్లీ తెగులు సోకి ఎండిపోతాయి. అందుకే న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఇంటి ఆవరణలో కాస్తున్న చెస్ట్‌నట్ కనిపిస్తే అది చాలావరకు ఆ తెగులును తట్టుకోగల చైనా రకం, కాస్టానియా మొలిసిమా, లేదా దాని సంకరజాతి. అదీ తినేదే.

కాస్టానియా ప్రజాతిలోని గింజలన్నీ తినేవే. ఐరోపా రకం కాస్టానియా సటైవా, జపాన్ రకం కాస్టానియా క్రెనేటా, చైనా రకం, అమెరికా రకం, చింకాపిన్ అనే పొదలాంటి చిన్న రకం, ఏదైనా సరే విషపుది లేదు. తేడాలన్నీ పరిమాణంలో, తీపిలో, పొట్టు వదిలే తీరులో ఉంటాయి. జపాన్ గింజ పెద్దది కానీ దాని లోపలి పొర గింజకు అంటుకుపోయి మొండికేస్తుంది. చైనా గింజ పొర తేలికగా ఊడివస్తుంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పండించేది చైనావారే. బీజింగ్ వీధుల్లో పెద్ద మూకుళ్లలో నల్లటి ఇసుక, పంచదార వేసి, అందులో చెస్ట్‌నట్లను గరిటెలతో తిప్పుతూ వేయిస్తారు. మన బట్టీల్లో వేడి ఇసుకలో బఠానీలు, మరమరాలు వేయించే పనికి అది తోబుట్టువే. ఇటలీ, ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో గోధుమ పండని చోట శతాబ్దాల పాటు చెస్ట్‌నట్ పిండే తిండి. ఫ్రాన్స్‌లోని సెవెన్ కొండల్లో ఆ చెట్టును రొట్టెచెట్టు అనేవారు.

దీనికి భిన్నంగా ఇంగ్లండ్ కాంకర్‌కు తిండి కాకపోవడమే ఒకసారి విలువ తెచ్చిపెట్టింది. 1917లో యుద్ధసామగ్రికి కావలసిన ఎసిటోన్‌ను తయారుచేయడానికి ధాన్యం వాడితే జనానికి తిండి తగ్గుతుందని, ఎవరూ తినని ఈ గింజల్ని ఏరి పంపమని ప్రభుత్వం బడిపిల్లల్ని కోరింది. పిల్లలు టన్నుల కొద్దీ ఏరారు. దిగుబడి మాత్రం ఆశించినంత రాలేదు.

పేరులో చెస్ట్‌నట్ ఉండి, ఈ రెండు వంశాలకూ చెందనివి ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, సిడ్నీ ప్రాంతాల్లో ఉన్న మన కుటుంబాలు తెలుసుకోవలసింది మోరెటన్ బే చెస్ట్‌నట్. దాన్ని బ్లాక్ బీన్ అని కూడా అంటారు, చిక్కుడు కుటుంబపు పెద్ద చెట్టు. లావుపాటి కాయలో చెస్ట్‌నట్‌ను తలపించే పెద్ద గోధుమరంగు గింజలుంటాయి. అవి పచ్చిగా మనుషులకూ పశువులకూ విషం. అక్కడి ఆదివాసులు వాటిని కోసి, రోజుల తరబడి నీళ్లలో ఉంచి శుద్ధి చేసుకుని తిన్నారు. అది వాళ్ల విద్య. దీని మొలకలను ఇంగ్లండ్ దుకాణాల్లో లక్కీ బీన్ అని కుండీల్లో అమ్ముతారు, గింజ రెండు బద్దలుగా మట్టి మీద కనబడుతూ ఉంటుంది కనుక పిల్లల చేతికి అందకుండా పెట్టాలి. మలబార్ చెస్ట్‌నట్ అన్నది మరొకటి; పేరు మలబార్ అయినా పుట్టింది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతంలో. మనీ ట్రీ అని జడలల్లి కుండీల్లో అమ్మేది దీని దగ్గరి చుట్టమే. ఉష్ణదేశాల్లో ఈ గింజల్ని వేయించుకుని తింటారు, కానీ వాటి నూనెలో ఉన్న కొన్ని కొవ్వు ఆమ్లాలు ప్రయోగశాలలో జంతువులకు హాని చేశాయి కనుక నేనైతే తినమని ఎవరికీ చెప్పను.

మీ అత్తగారి పిండి సంగతి పూర్తిగా వేరు. వాటర్ చెస్ట్‌నట్ అన్న పేరు కింద రెండు నీటి మొక్కలున్నాయి, రెండూ చెట్లు కావు, రెండింటికీ చెస్ట్‌నట్‌తో సంబంధం లేదు. ఇండియన్ దుకాణంలోని పిండి సింఘాడాది, సంస్కృతంలో శృంగాటకం. చెరువుల్లో తేలే మొక్కకు నీటి అడుగున కాసే ఈ కాయకు ఎద్దు తలలాగా రెండు కొమ్ములుంటాయి. ఉత్తరాదిన చలికాలం మొదట్లో తోపుడుబళ్ల మీద ఉడికించి అమ్ముతారు, ఎండబెట్టి పిండి పట్టి నవరాత్రి ఉపవాసాల్లో వాడతారు. ఆ పిండి నిరభ్యంతరంగా తినవచ్చు. రెండోది చైనీస్ వంటల్లో డబ్బాలో వచ్చే కరకరలాడే తెల్లటి ముక్క. అది గింజే కాదు, మన తుంగగడ్డి కుటుంబానికి చెందిన మొక్క అడుగున పెరిగే దుంప. ఈ రెండింటిలో మొక్కగతమైన విషం ఏదీ లేదు. ప్రమాదం ఉన్నదల్లా అవి పెరిగే నీటి వల్ల. పేగుల్లో చేరే ఒక పెద్ద పరాన్నజీవి, ఫాసియోలాప్సిస్ బస్కీ, చెరువు నీటిలోని ఇటువంటి కాయల తొక్కకు అంటుకుని ఉంటుంది. పచ్చి కాయను పళ్లతో ఒలిచినప్పుడు లోపలికి పోతుంది. కనుక పచ్చివి కొంటే మరిగే నీళ్లలో వేసి తీసి, కత్తితో ఒలిచి, ఉడికించి తినండి. ఒక మాట, ఇటాలియన్ దుకాణంలో దొరికే చెస్ట్‌నట్ పిండిని సింఘాడా పిండి బదులు వాడితే హల్వా కుదరదు; అది తియ్యగా, గోధుమరంగులో ఉంటుంది, సింఘాడా పిండిలా బిగుసుకోదు.

మధుమేహం ప్రశ్నకు జవాబు కాస్త నిరాశపరుస్తుందేమో. నట్ అన్న మాట విని బాదం, అక్రోటు వంటిదనుకుని గుప్పెడు తినేస్తారు. బాదంలో సగం బరువు కొవ్వు. చెస్ట్‌నట్‌లో కొవ్వు వంద గ్రాములకు రెండు గ్రాముల దాకానే, మిగిలినదంతా ప్రధానంగా నీరు, పిండిపదార్థం. వేయించిన చెస్ట్‌నట్ వంద గ్రాముల్లో సుమారు 50 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే అదే బరువు అన్నంలో ఉన్నదానికంటే ఎక్కువ. కనుక దాన్ని పప్పుగింజగా కాక చిలగడదుంపగా లెక్కవేయండి. పెద్దవారు అన్నమో రొట్టెయో ఆ మేరకు తగ్గించుకుని ఐదారు గింజలు తింటే సరిపోతుంది. రబ్బరు చేతితొడుగులు పడనివారికి, అరటి, అవకాడో, కివీ పండ్లు తింటే నోరు దురద పెట్టేవారికి చెస్ట్‌నట్ కూడా పడకపోవచ్చు. బ్రిటన్‌లో ఆహార పొట్లాల మీద తప్పనిసరిగా హైలైట్ చేయవలసిన గింజల జాబితాలో చెస్ట్‌నట్ లేదు, కాబట్టి అలర్జీ ఉన్నవారు పొట్లం మీది దినుసులన్నీ చదవాలి.

తినాలని కోరికగా ఉంటే ఈ ఏడాదికి సూపర్‌మార్కెట్లో కొనండి. అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా దొరుకుతాయి, స్పెయిన్, ఇటలీ, పోర్చుగల్ వంటి వెచ్చని దేశాల నుంచి వస్తాయి కనుక ఇంగ్లండ్ గింజకంటే లావుగా ఉంటాయి. లండన్ రాయల్ పార్కుల్లో ఏరడానికి అనుమతి లేదు. గ్రీనిచ్ పార్కులో 1660లలో నాటిన స్వీట్ చెస్ట్‌నట్ మానులున్నాయి, ఆకు, బెరడు చూపించి పిల్లవాడికి తేడా నేర్పడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. కొన్న గింజ చేతిలో బరువుగా, నొక్కితే గట్టిగా ఉండాలి. నొక్కినప్పుడు పెంకు లోపలికి పోతే గింజ ఎండిపోయినట్టు. నీళ్లలో వేస్తే మునిగినవి మంచివి, తేలినవి చాలావరకు పురుగు తిన్నవో ఎండినవో. సన్నని గుండ్రటి రంధ్రం కనిపిస్తే అందులోంచి పురుగు అప్పటికే బయటికి వెళ్లిపోయిందన్నమాట. సగం బరువు నీరే ఉన్న గింజ కనుక వేరుశనగలాగా డబ్బాలో పోసి అలమరలో పెడితే వారం తిరిగేలోగా బూజు పడుతుంది. చిల్లులున్న సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోపల ఆకుపచ్చగానో నల్లగానో మారినదాన్ని, పులిసిన వాసన వేసేదాన్ని బూజు గోకి తినకుండా పారేయాలి.

వండేటప్పుడు ఒక్క నియమం తప్పకూడదు. ప్రతి గింజ పెంకు మీద, గుండ్రంగా ఉన్న వైపు, పదునైన చిన్న కత్తితో అడ్డంగా గాటు పెట్టాలి. లోపలి నీరు ఆవిరై దారి దొరకకపోతే గింజ పేలుతుంది. నేను మొదటిసారి గాటు సంగతి తెలియక పన్నెండు గింజల్ని ఓవెన్‌లో పెట్టి పక్కగదిలో కూర్చుంటే, దీపావళి టపాకాయ పేలినట్టు చప్పుడు వచ్చింది. తలుపు తీసి చూస్తే గోడలంతా పిండి. గాటు పెట్టినవాటిని 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచితే పెంకు పువ్వులా విచ్చుకుంటుంది. మీకు కుక్కరే అలవాటైతే గాటు పెట్టిన గింజలు మునిగేలా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి రెండు విజిల్స్ రానివ్వండి. ఎలా వండినా వేడిగా ఉండగానే ఒలవాలి. పెంకుతో పాటు గింజకు అంటుకుని ఉండే సన్నని వగరు పొర చల్లారితే ఇక రాదు, ఆ పొరతో తింటే నాలుక వేరుశనగ పొట్టు నమిలినదానికి రెండింతలు బిరుసెక్కుతుంది. అందుకే ఒకేసారి అన్నీ గిన్నెలోంచి తీయకుండా, తడిగుడ్డ కప్పి ఉంచి, ఐదారు చొప్పున తీసుకుని ఒలుచుకోండి. చల్లారిపోయినవాటిని మళ్లీ ఒక నిమిషం వేడినీళ్లలో వేస్తే పొర మెత్తబడి వదులుతుంది.